వెచ్చటి వైపు

గది అద్దెకిస్తామని చెప్పుకునే ఇంటావిడలకు ఓక్బున్ అంటే హడలు. అందరూ గది చూడ్డానికి వస్తే కుళాయి ఎంత దూరం, గేటు ఎప్పుడు మూస్తారు అని అడుగుతారు. ఈవిడ చంకలో తడి గడ్డి కట్ట పెట్టుకుని వచ్చేది. వచ్చీ రాగానే వంటగదిలోకి దూరి, పొయ్యిలో ఆ గడ్డి కుక్కి అంటించి, గదిలోకి పోయి తలుపు మూసుకునేది. నేలకు పరిచిన నూనె కాగితాన్ని మూలనుంచి లేపి, మట్టికి చెంప ఆనించి, ఎక్కడ పొగ లేస్తుందా అని చూసేది. వెంట్రుకవాసి పొగ కనపడితే చాలు, లేచి మోకాళ్ళు దులుపుకుని "ఈ గది వద్దండీ" అని వెళ్ళిపోయేది.

"ఎవరమ్మా ఈ పిచ్చిది? గది చూడ్డానికొచ్చిందా, నా కొంప తగలెట్టడానికొచ్చిందా?" అని ఇంటావిడలు వీధి వినేలా అరిచేవారు. అరవనీ! సియోల్ నగరంలో అద్దెకున్నవాళ్ళ మీద అరవడానికి ఇంటివాళ్ళకు కారణం కావాలా ఏమిటి? అయినా ఓక్బున్ పుట్టుకతోనే ఇలా లేదు. ఒక చలికాలం ఆమెను ఇలా చేసింది.

అప్పట్లో ఆమె మా కొండవాడలో, ప్యో వారింట్లో, గేటు పక్క గదిలో ఉండేది. పొద్దున్నే కొండ దిగి విగ్గుల ఫ్యాక్టరీకి పోయి, చీకటి పడ్డాక కొండెక్కి వచ్చేది. మొగుడు డల్సు లారీ డ్రైవరు. ఇంట్లో కన్నా దారిలో ఎక్కువ ఉండేవాడు. అద్దెలు పెరిగినప్పుడల్లా గది మారడమే వాళ్ళ కాపురం. మారినప్పుడల్లా అందరికన్నా ముందు కొత్త గదిలోకి వెళ్ళేది ఓక్బున్ చేతిలోని పట్టకారు, ఆ పట్టకారులో ఎర్రగా మండుతున్న బొగ్గు దిమ్మ. సామాను తర్వాత, మనుషులు తర్వాత. పాత ఇంటి నిప్పు ఆరకుండా కొత్త ఇంటి పొయ్యిలో పడితేనే కాపురం నిలుస్తుందని మా వాళ్ళ నమ్మకం. ఓక్బున్ పొయ్యి ఆరిందని ఎవరూ ఎప్పుడూ వినలేదు. పొద్దున్నే నిప్పు చచ్చిపోయిన ఆడవాళ్ళు సిగ్గుతో తలవంచుకుని ఆమె గుమ్మంలోకే వచ్చేవారు.

"ఓక్బున్, నీ దిమ్మ ఒకటి అరువియ్యవే తల్లీ. కొత్త దిమ్మ రెండు ఇస్తాను" అనేది పక్క గది గ్విరే. నెత్తిన గంప పెట్టుకుని వీధుల్లో సోయా పెరుగుముద్ద అమ్మేది ఆమె. నోరు మహా పెద్దది, మనసు ఇంకా పెద్దది.

"రెండొద్దు వదినా, ఒకటివ్వు చాలు. ఈసారైనా చిల్లుకి చిల్లు కలిపి పెట్టు."

"చిల్లులు కలపాలట! నా మొగుడికీ నాకే కలవలేదు, బొగ్గుకేం కలుస్తుందే!"

అక్కడ గదికొక పొయ్యి. చిల్లుల బొగ్గు దిమ్మలు రెండు, ఒకదానిమీదొకటి. ఆ వేడి నేల కింది రాతి బాటల్లోంచి పారి, అవతలి గోడ పక్కన పొగగొట్టంలో పైకి పోతుంది. అందుకని గదిలో పొయ్యిని ఆనుకున్నది వెచ్చటి వైపు, అవతలిది చల్లటి వైపు. వెచ్చటి వైపు పెద్దవాళ్ళది, చుట్టాలది, జబ్బుపడ్డవాళ్ళది. ఇంకా ఇల్లు చేరని మనిషి అన్నం గిన్నె కూడా అక్కడే, బొంత కింద పెడతారు. పెద్దవాళ్ళను చల్లటి వైపు పడుకోబెట్టిన ఇంటి గురించి వాడంతా చెప్పుకుంటారు.

ఓక్బున్‌కు ఆ గదిలో పొద్దున్నే తల పగిలిపోయేది. లేవబోతే కాళ్ళు తేలిపోయేవి. మొదట నీరసం అనుకుంది. ఆదివారం ఇల్లు తుడుస్తూ వెచ్చటి వైపు కాగితం ఎత్తి చూస్తే, కింద మట్టి సన్నసన్నగా బీటలిచ్చి ఉంది. బొగ్గు గ్యాసు కంటికి కనపడదు, ముక్కుకు తెలియదు. ఏ చలికాలమైనా వాడలో ఒకరినో ఇద్దరినో తీసుకుపోకుండా ఉండదు. అప్పటికి ఆమె కడుపుతో ఉంది. నేరుగా ఇంటావిడ దగ్గరికి పోయింది.

"పిన్నిగారూ, పొయ్యివైపు నేల బీటలిచ్చిందండీ. పొద్దున్నే తల దిమ్ముగా ఉంటోంది."

ప్యో గారి భార్య క్యాబేజీ ఆకులకు కారం రాస్తూ తల కూడా ఎత్తలేదు. "కడుపుతో ఉన్నదానికి తల తిరక్క గడియారం ముళ్ళు తిరుగుతాయా?"

"కడుపు రాకముందు నుంచీ ఉందండీ."

"అయితే సరిగ్గా తిని చావట్లేదు. ఇప్పుడు నేల తవ్వితే ఈ చలికి మట్టి ఆరుతుందా చెప్పు? వసంతం రానీ, చూద్దాం." అక్కడితో ఆగితే బాగుండేది. చేతికంటిన కారం నాలిక్కి రాసుకుని రుచి చూస్తూ మెల్లగా అంది: "అయినా పసిపిల్లలున్నవాళ్ళకి గది వద్దని మా ఆయన ఆది నుంచీ మొత్తుకుంటున్నారు. నేనే సర్ది చెబుతున్నాను. ఇప్పుడు నువ్వే ఇలా గొడవ ఎత్తితే ఎలాగమ్మాయ్?"

ఇంకేం మాట్లాడుతుంది? పెరిగే కడుపుతో నడి చలికాలంలో గది ఎవరిస్తారు? వంగి దండం పెట్టి వచ్చేసింది.

తన తిప్పలు తనే పడింది. బీటల మీద మట్టి మెత్తి కాగితం అంటించింది. రెండు రోజులు నిలిచింది, మళ్ళీ విచ్చింది. అప్పటినుంచి వెచ్చటి వైపు ఖాళీగా వదిలేసి చల్లటి గోడకు ఆనుకుని పడుకునేది. కిటికీ బెత్తెడు తెరిచి ఉంచేది. పొయ్యి కింద గాలి కన్నానికి గుడ్డ బిరడా ఉంటుంది. అది బిగిస్తే దిమ్మ నిదానంగా కాలి ఎక్కువసేపు వస్తుంది. కానీ గాలాడని నిప్పు విషం కక్కుతుంది. అందుకని సగం తీసే ఉంచేది. బొగ్గు హారతి కర్పూరంలా హరించుకుపోయేది, గది మాత్రం వెచ్చబడేది కాదు.

"ఏంటే, కిటికీ తెరిచి కొండంతటికీ నువ్వే వేడి పెడుతున్నావా?" అని గ్విరే ఎగతాళి చేసేది. కారణం తెలిశాక ఎగతాళి మానేసి, పొద్దున్నే గంపెత్తుకునే ముందు గోడ మీద దబదబా బాది, "బతికున్నావా?" అని అడిగేది. లోపలినుంచి "ఉన్నాను వదినా" అని వినిపించాకే కొండ దిగేది. వాళ్ళు చేయగలిగింది అంతే.

ఇదిగో, అలాంటి గదికి ఓక్బున్ వాళ్ళమ్మ వచ్చింది. జంగ్‌సన్ కొండల్లోంచి, రైలెక్కి, వీపున మూట కట్టుకుని. మూటలో బంగాళాదుంపలు, ఎండబెట్టిన కొండకూర, సోయా ముద్ద. కూతురు కడుపుతో ఉందని తెలిసి ఆగలేకపోయింది. చెప్పాపెట్టకుండా దిగింది. గదిలోకి వచ్చి నేల తడిమి, చుట్టూ చూసి మురిసిపోయింది.

"పొగేదే? మన ఊళ్ళో పొయ్యి రాజేస్తే కళ్ళల్లోంచి ముక్కుల్లోంచి నీళ్ళే. ఇక్కడ పొగా లేదు, వాసనా లేదు. మీ పట్నం నిప్పు ఎంత మర్యాదైందే! మన వీధిలో అందరికీ చెబుతాను, మా ఓక్బున్ గదిలో పొగే రాదని."

ఆ మాటతో అమ్మ ముఖం వెలిగిపోతుంటే, ఆ పొగరాని నిప్పే మనుషుల్ని చంపుతుందని ఓక్బున్ ఎలా చెబుతుంది? చెబితే అమ్మ ఊరుకుంటుందా? ఊరెళ్ళి అన్న మన్‌బోక్‌తో అంటుంది. అన్న వచ్చి "చంపుకోవడానికి ఇచ్చామా మా పిల్లని?" అని డల్సు మీద పడతాడు. రేపు చెబుదాం, మాట దొరికించుకుని చెబుదాం అనుకుంది. ఆ సాయంత్రం పక్కలు వేసేటప్పుడు మొదలైంది రభస. ఓక్బున్ రెండు పక్కలూ చల్లటి గోడ వారనే వేసింది.

"ఇదేంటే, అంత వెచ్చటి చోటు ఖాళీగా పెట్టి గోడ కరుచుకుని పడుకోవడం?"

"నాకు వేడి పడటం లేదమ్మా, కడుపుతో ఉన్నా కదా."

"కడుపుతో ఉన్నదానికే కదే వేడి కావాల్సింది! లే, లేచి అటు పడుకో. నాకా, ఈ ముసలి ఎముకలకి ఎక్కడైనా ఒకటే."

"అమ్మా, అటు కాగితానికి కొత్తగా నూనె రాశాను. బట్టలకి అంటుకుంటుంది. అటు పడుకోకు."

నిజం చెప్పాల్సిన నోట అబద్ధం వచ్చింది. అబద్ధానికి అమ్మ నవ్వింది. "తెలుసులేవే. అల్లుడు ఎప్పుడొస్తాడో అని ఆ చోటు దాచిపెడుతున్నావు. నేనూ మీ నాన్నకి అలాగే దాచేదాన్ని." ఇక ఆ రాత్రికి ఇద్దరూ గోడ వారనే పడుకున్నారు. ఓక్బున్ అమ్మ చెయ్యి పట్టుకుని పడుకుంది. చెప్పాలి, చెప్పాలి అనుకుంటూనే నిద్రపోయింది.

పొద్దున్నే ఫ్యాక్టరీకి పోక తప్పలేదు. విదేశాలకు పోయే సరుకుంది, సెలవు మాటెత్తితే మేస్త్రి పనిలోంచే తీసేసేవాడు. గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ చెప్పింది. "అమ్మా, కిటికీ మూయకు. నాకు మూస్తే ఊపిరాడదు. పొయ్యి జోలికి పోకు, నేనొచ్చి చూసుకుంటాను."

"వెళ్ళవే. నిప్పు చూసుకోవడం నాకు నువ్వు నేర్పుతావా?" అని అమ్మ తోలేసింది.

ఆ రోజు తెల్లారినప్పటినుంచీ మబ్బే. మధ్యాహ్నానికి మంచూ వానా కలిసి పడింది. అలాంటి రోజుల్లో పొగగొట్టం పొగను పైకి లాగదు. గ్యాసుకు ఇష్టమైన వాతావరణం అది. ఓక్బున్ ఫ్యాక్టరీలో వెంట్రుకలు కుడుతూ కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది. రెండుసార్లు సూది వేలికి గుచ్చుకుంది. సెలవడిగే ధైర్యం చేయలేక కూర్చున్న చోటే కూర్చుంది.

సాయంత్రం కొండెక్కి వచ్చేసరికి తన కిటికీ తెల్లగా మెరుస్తోంది. సందు లేకుండా, ప్రతి అంచుకూ కొత్త కాగితపు పట్టీలు. చెక్కచట్రానికి కాగితం అంటించిన తలుపుకీ అంతే, రెక్క అంచుకు అతికించిన పట్టీలు సందు కప్పేశాయి. పిడి దగ్గర కాగితం చిరగకుండా ఎర్రటి ఆకు ఒకటి పెట్టి, దానిమీద మళ్ళీ కాగితం అంటించి ఉంది. అది అమ్మ పనితనం. ప్రతి చలికాలానికీ ముందు ఊళ్ళో ఇంటి తలుపుకి అమ్మ అలాగే ఆకు పెట్టి అంటించేది. కూతురు చలిలో పడుకుంటోందని, పగలంతా కూర్చుని గంజి కాచి, పట్టీలు కోసి, ఒక్క గాలి పోగు కూడా దూరకుండా మూసేసింది తల్లి. పొయ్యి దగ్గర చూస్తే గాలి కన్నంలో గుడ్డ బిరడా గట్టిగా బిగించి ఉంది. బొగ్గు వృథా పోతోందనుకుంది కాబోలు.

"అమ్మా!" అని అరుస్తూ తలుపు లాగింది. కొత్త కాగితం పర్రున చిరిగింది. లోపల సెగ. అమ్మ వెచ్చటి వైపున కూతురి బొంత కప్పుకుని, పక్కకి తిరిగి పడుకుని ఉంది. పక్కనే అన్నం గిన్నె. కూతురు వచ్చేసరికి పక్క వేడిగా ఉండాలని తన ఒంటితో వెచ్చబెడుతూ పడుకుంది మహాతల్లి. ముఖం ఎర్రగా, పెళ్ళికూతురిలా కళకళలాడుతోంది. అంత ఆరోగ్యంగా అమ్మ ముఖం ఓక్బున్ ఎన్నడూ చూడలేదు. ఆ ఎరుపు గ్యాసుదని ఆమెకు తెలుసు.

"వదినా! రా వదినా! మా అమ్మ!"

గ్విరే గంప అక్కడే వదిలేసి పరుగున వచ్చింది. ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని పెరట్లోకి ఈడ్చారు. మా వాళ్ళు చేసినట్టే తడి మట్టిలో ముఖం ఆనేట్టు బోర్లా పడుకోబెట్టారు. "అమ్మా, నేనమ్మా, చూడమ్మా" అంటూ ఓక్బున్ ఆమె వీపు రుద్దుతూనే ఉంది. ఇంతలో ప్యో గారి భార్య ముల్లంగి ఊరవేసిన నీళ్ళు గిన్నెడు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. గ్యాసు కొడితే ఆ నీళ్ళే మందని మా వాడలో అందరూ అనేవారు. పళ్ళ మధ్య గరిటె పెట్టి పోసింది. సగం బయటికే పోయింది. కాసేపటికి అమ్మ దగ్గింది, కక్కుకుంది, కళ్ళు తెరిచింది.

"చూశావా! ముల్లంగి నీళ్ళకి మించిన డాక్టరున్నాడా?" అని ఇంటావిడ గుండె మీద చెయ్యేసుకుంది. నిజానికి ఆ మనిషిని లేపింది పెరట్లో చల్లగాలి. పేరు మాత్రం ముల్లంగికొచ్చింది.

"పెద్దాసుపత్రికి తీసుకెళదాం వదినా. మా అమ్మని తీసుకెళదాం" అని ఓక్బున్ ఏడుస్తోంది.

ఇంటావిడ ఆమె పక్కన గొంతుకూర్చుని, మొదటిసారి ప్రేమగా భుజం మీద చెయ్యి వేసింది. "ఆసుపత్రికి పోతే ఏ ఇల్లు, ఏ గది అని అడుగుతారు. పోలీసు వస్తాడు. గ్యాసు కొట్టిన గది అని పేరొస్తే ఇక ఈ గది నువ్వూ ఉండవు, ఇంకొకరూ ఉండరు. మా ఆయన సంగతి నీకు తెలుసు కదా. లేచి కూర్చుంది కదమ్మా, ఇంకా ఎందుకు?"

"కూర్చోవడానికేంటి, రేపు పడితే?" అని గ్విరే మండిపడింది. "నీ గది పేరు కోసం మనిషిని పణం పెడతావా?"

మట్టి అంటిన ముఖంతో అమ్మే అడ్డొచ్చింది. "ఆసుపత్రేంటే? నాకేమైందని? ఒళ్ళెరగకుండా నిద్రపోయాను, అంతే. తల నొప్పి, పడుకుంటే పోతుంది. ఒసేయ్ ఓక్బున్, మీ అన్నకి మాత్రం చెప్పకు. చెబితే ఇంకెప్పుడూ నన్ను నీ దగ్గరికి రానివ్వడు."

ముగ్గురి మధ్యా ఓక్బున్ నిలబడింది. పొట్ట మీద చెయ్యి ఉంది. అటు చూసింది, ఇటు చూసింది. ఆసుపత్రికి వెళ్ళలేదు.

ఆ రాత్రి తల్లీకూతుళ్ళు గ్విరే గదిలో పడుకున్నారు. కూతురు అప్పుడు చెప్పింది, నేల బీటల సంగతి, అంతా. అంతా విని అమ్మ అంది: "ముందే చెబితే నేను ఆ పట్టీలు అంటించేదాన్నా పిచ్చిదానా?" కోపంగా కూడా అనలేదు. ఆ మాట ఓక్బున్ జన్మంతా మోసింది.

మర్నాడు ఇంటావిడ ఒక మనిషిని పిలిపించి బీటల మీద చారెడు సిమెంటు పూయించింది. పూర్తి నేల వసంతంలో అంది. వేయించిందిలెండి వసంతంలో. ఓక్బున్‌ని ఖాళీ చేయించి, కొత్తగా వచ్చేవాళ్ళ కోసం.

అమ్మ కొన్నాళ్ళుండి, తల నొప్పి తగ్గి, నవ్వుతూ తుళ్ళుతూ వెళ్ళిపోయింది. స్టేషన్లో రైలు కిటికీలోంచి చెయ్యి ఊపుతూ, "కిటికీ తెరిచి పడుకోవే!" అని బోగీ అంతా వినేలా అరిచింది. ఓక్బున్ గుండె తేలికపడింది. గండం గడిచింది అనుకుంది. ఎవరైనా అలాగే అనుకుంటారు.

నెల తిరక్కముందే వీధి చివర కిరాణా కొట్టుకు ఫోనొచ్చింది. అన్న మన్‌బోక్.

"ఓక్బున్, అమ్మకి ఏదో అయింది. బాగానే ఉంది, ఉన్నట్టుండి మొదలైంది. పొయ్యి ముందు కూర్చుని, ఇదేంటి అని అడుగుతోంది. బట్టల్లోనే అన్నీ. ఇక్కడి టౌన్లో డాక్టరుకి చూపిస్తే గ్యాసు కొట్టిన మనిషిలా ఉంది అంటాడు. కొందరికి బాగుపడ్డట్టే పడి తర్వాత ఇలా అవుతుందట. మన ఊళ్ళో కట్టెల పొయ్యేగా, గ్యాసెక్కడిదే? నీ దగ్గర ఏమైనా జరిగిందా?"

కొట్టాయన "అమ్మాయ్, లైను పోతుంది, మాట్లాడు" అన్నాడు. ఓక్బున్ ఫోను పెట్టేసింది.

మర్నాడు మేస్త్రితో చెప్పకుండానే రైలెక్కింది. పని పోయింది, పోనీ. నిండు పొట్టతో కొండదారిలో మంచు తొక్కుకుంటూ ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. గుమ్మంలో అన్న కట్టెలు కొడుతున్నాడు. అక్కడే నిలబడి జరిగింది చెప్పింది. ఏదీ దాచలేదు. అన్న గొడ్డలి కింద పెట్టాడు. తిడతాడనుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

"ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళి ఉంటే ఏదైనా చేసేవాళ్ళేమో అన్నాడు డాక్టరు" అని మాత్రం అన్నాడు. "ఇప్పుడు చేసేదేం లేదట. పో, లోపలికి పో, చలిగా ఉంది."

గది నిండా కట్టెల పొగ. కళ్ళు మండాయి. అమ్మ బొంత కప్పుకుని వెచ్చటి వైపు కూర్చుని ఉంది. జుట్టు ఎవరో శుభ్రంగా దువ్వి ముడి వేశారు. ఓక్బున్‌ను పైనుంచి కిందికి చూసింది.

"ఎవరమ్మాయివే నువ్వు?"

"నేనమ్మా. ఓక్బున్‌ని."

"ఓక్బునా? నాకూ ఆ పేరుతో ఒక కూతురుంది. పట్నంలో ఉంటుంది." అమ్మ ముఖం వెలిగింది. "దాని గదిలో పొగే రాదు, తెలుసా?"

ఓక్బున్ అక్కడే చతికిలబడింది. అమ్మ ముందుకు వంగి ఆమె చెయ్యి పట్టుకుని చూసింది.

"అయ్యయ్యో, చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయే! కడుపుతో ఉన్న పిల్లవి, చలిలో తిరుగుతావా? రా, ఇలా రా." తను లేచి, బొంత అంచు ఎత్తి, తను కూర్చున్న చోటును చేత్తో తట్టింది. "ఇక్కడ కూర్చో. వెచ్చగా ఉంది."

ఓక్బున్ కూర్చుంది. అమ్మ బొంత లాగి ఆమె పొట్ట చుట్టూ కప్పి, తను మెల్లగా జరుగుతూ చల్లటి గోడ దగ్గరికి పోయి ఒదిగి కూర్చుంది.